ఛాయాసురుడి అసలు పేరు

పోయిన నెల మా తమ్ముడు తణుకులో ఇల్లు మారుతూ మామ్మ రేకు పెట్టెను నాకు పంపించాడు. "అక్కా, అందులో అంతా చెత్తే. పారెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు, నువ్వు పారేసుకో" అని ఫోన్లో చెప్పాడు. వాడి ధోరణే అంత. మనసుకు కష్టమైన పని ఏదొచ్చినా ఎంతో గౌరవంగా నాకు అప్పగిస్తాడు. పెట్టె మూత తీయగానే కర్పూరం, పాత పత్తి, ఎప్పుడో ఒలికిన నెయ్యి కలిసిన వాసన గదంతా పరుచుకుంది. ఒక కుంకుమ భరిణె, ఒక అద్దం లేని కళ్లజోడు, చేతిసంచీలో గుప్పెడు పత్తి, వాటన్నిటి అడుగున ఒక బొమ్మల పుస్తకం. అట్ట మీద సగం పోలీసు ఇన్‌స్పెక్టరు, సగం పొగ అయిన మనిషి. పైన పసుపు అక్షరాల్లో 'ఛాయాసుర్ అంతం' అని ఉంది. చివరి కాగితం లేదు. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోతే మా అమ్మాయి వచ్చి, "అమ్మా, జారి పడ్డావా?" అని అడిగింది. పడలేదని చెప్పాను.

మా ఊరు తణుకుకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో, కాలువ గట్టు పక్కన ఉండేది. తాతయ్య పురోహితులు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, నోములు అన్నీ ఆయన చేతి మీదే జరిగేవి. తెల్లారకుండానే కాలువలో స్నానం చేసి వచ్చి, సంధ్య వార్చుకుని, సైకిలు హ్యాండిల్‌కు సంచీ తగిలించుకుని బయలుదేరేవారు. శాస్త్రం విషయంలో ఆయనంత మొండివాళ్లను నేను మళ్లీ చూడలేదు. ముహూర్తానికి పెళ్లికొడుకు ఇంకా జుట్టు దువ్వుకుంటూ ఉంటే, ఎంత పెద్ద రైతు కొడుకైనా సరే, "దువ్వెన తరవాత, దర్భ ముందు" అని గదిలోకే వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవారు. మంత్రంలో ఒక్క అక్షరం తొట్రుపడితే మళ్లీ మొదటినుంచీ చెప్పించేవారు. అబద్ధం అన్నది ఆ నోటి నుంచి రాదని ఊరంతా అనుకునేది. మా అమ్మ మాత్రం, "మావయ్యగారు కూర బాగాలేకపోతే బాగాలేదనే అంటారు, ఆ మాత్రం అబద్ధం ఆడితే ఏం పోయింది" అని వంటింట్లో గొణుక్కునేది.

మామ్మకు మధ్యాహ్నాలన్నీ వత్తులతోనే గడిచేవి. భోజనాలయ్యాక వసారాలో చాప వేసుకుని, పక్కన పత్తి చేట, చిన్న గిన్నెలో విభూతి పెట్టుకుని కూర్చునేది. పత్తిలో గింజలు తీసి, వేళ్లతో ఏకి, విభూతి అద్దుకున్న వేళ్ల మధ్య పులిమితే సన్నని వత్తి వచ్చేది. వందకొక దారం ముడి, వెయ్యికొక పొట్లం. లక్షవత్తుల నోము పట్టింది ఆవిడ. లక్ష వత్తులూ తన చేత్తోనే చేసి, కార్తీక పౌర్ణమినాడు భర్తతో పీటల మీద కూర్చుని వెలిగించాలి. నాలుగేళ్లుగా చేస్తూనే ఉంది. మోకాళ్ల నొప్పులు వచ్చి, వంటిల్లు అమ్మకు అప్పగించాక ఆ నోమే ఆవిడకు ఉద్యోగం. తాతయ్య కూడా వీలున్నప్పుడు పక్కన కూర్చుని గింజలు తీసిపెట్టేవారు. వత్తి మాత్రం ముట్టనిచ్చేది కాదు. "మీరు గింజలు తియ్యండి చాలు, వత్తి నా నోము" అనేది.

యాభై ఏళ్ల కాపురంలో మామ్మ ఒక్కసారి కూడా తాతయ్య పేరు పలకలేదు. ఆ తరం ఆడవాళ్లు ఎవరూ పలికేవాళ్లు కాదనుకోండి, కానీ మామ్మది పరాకాష్ఠ. ఆయన పేరు సుబ్బావధాని. అందుకని కూరలమ్మే సుబ్బమ్మను 'కూరలమ్మాయీ' అని పిలిచేది. సుబ్బారాయుడి షష్ఠి తీర్థానికి వెళుతూ 'షష్ఠి సామి తీర్థం' అనేది, దేవుడి పేరు కూడా మింగేసేది. రేషన్ కార్డులు రాసే ఆయన వచ్చి, "ఇంటి యజమాని పేరేంటండీ?" అని అడిగితే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "బుజ్జీ, ఇలా రావే, తాతగారి పేరు చెప్పు" అని నన్ను కేకేసేది. నేను బడికి వెళ్లి ఉంటే, "మా మనవరాలు నాలుగింటికి వస్తుందండి, అప్పుడు రండి" అని పంపించేసేది. పాపం ఆయన నాలుగింటికి నిజంగానే మళ్లీ వచ్చాడు. తాతయ్యను పిలవాలంటే ఆవిడకు ఉన్నది ఒక్కటే మాట, "ఏవండీ". ఆ ఒక్క మాటలో ఎన్ని రకాలో. కాఫీకి ఒక రకం, కోపానికి ఒక రకం, ఎవరో వచ్చారని చెప్పడానికి ఒక రకం. ఏ 'ఏవండీ' దేనికో ఇంట్లో అందరికీ తెలిసేది.

ఇక ఛాయాసుర్ సంగతి. నాన్న తణుకులో బడిపంతులు. నెలకోసారి బస్టాండులోని పుస్తకాల బంకులో నాకు బొమ్మల పుస్తకం కొని తెచ్చేవాడు. హిందీలోంచి తెలుగు చేసినవి అవి. రంగులు గీతల్లో నిలిచేవి కావు, మనిషి పెదాల ఎరుపు చెంప మీద పడేది. అందులో హీరో పేరు ఇప్పుడు నాకు గుర్తులేదు, తెల్ల బూట్లు వేసుకుంటాడని మాత్రం గుర్తు. గుర్తున్నదల్లా ఛాయాసుర్. వాడు ఏ రూపమైనా ఎత్తగలడు. పాలవాడవుతాడు, జడ్జీ అవుతాడు, హీరో తల్లి కూడా అవుతాడు. మొహమే కాదు, గొంతు, నడక, ఆ మనిషి జ్ఞాపకాలు కూడా వచ్చేస్తాయి. పట్టుకోవడానికి ఒకటే దారి. వాడి అసలు పేరు పెట్టి ఎదురుగా నిలబడి పిలిస్తే, రూపం కరిగిపోయి అసలు వాడు బయటపడతాడు. ఆ పేరు వాడి తల్లికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

సెలవుల్లో మధ్యాహ్నాలు, మామూలు రోజుల్లో బడి నుంచి రాగానే, మామ్మ వత్తులు చేస్తుంటే నేను పక్కన కూర్చుని పైకి చదివి వినిపించేదాన్ని. పుస్తకం అయిపోతే మళ్లీ మొదటినుంచి చదివేదాన్ని. ఆవిడ పురాణం విన్నంత శ్రద్ధగా వినేది. 'ఛాయాసుర్' ఏంటి, తోక తెగినట్టు ఉందని 'ఛాయాసురుడు' అని దిద్దింది. వాడంటే నాకు భయం, ఆవిడకు జాలి. "సొంత మొహమంటూ లేదటే వాడికి? ఆకలేస్తే ఎవరి మొహంతో తింటాడే పాపం?" అని అడిగేది. నేను పేజీలు తిరగేసి చూసి, తినే బొమ్మ ఎక్కడా లేదని చెప్పేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లు నిండిన ఏడు, దసరా వెళ్లిన కొద్ది రోజులకు మొదలైంది. రోజూ పొద్దున్నే మామ్మ మంచం దగ్గరికి కాఫీ గ్లాసు తాతయ్యే తీసుకెళ్లి ఇచ్చేవారు. ఆ రోజు ఆయన్ని చూడగానే మామ్మ గబుక్కున లేచి, చెంగు భుజాల మీదుగా కప్పుకుని, తల పక్కకు తిప్పుకుని, "అక్కడ పెట్టండి" అంది. ఆయన నవ్వి, పెట్టేసి వెళ్లారు. మామ్మ నన్ను దగ్గరకు లాక్కుని చెవిలో, "ఎవరే బుజ్జీ ఆయన? అచ్చు మీ తాతగారిలాగే ఉన్నాడు. ఆయన కాదు" అంది. కాఫీ ముట్టుకోలేదు.

నిజం చెప్పుకోవాలి. నాకు ముందు భయం వెయ్యలేదు, సంబరం వేసింది. ఛాయాసురుడు మా ఇంటికే వచ్చాడు! రెండు రోజులు బడి నుంచి రాగానే తాతయ్య వెనకాలే తిరిగాను. ఎండలో నిలబడితే నీడ సరిగ్గా పడుతోందా, పెదాల ఎరుపు పక్కకు జారిందా అని చూశాను. "తాతయ్యా, నేను ఏ వారం పుట్టాను?" అని పరీక్ష పెట్టాను. ఆయన వారంతో ఆగకుండా తిథి, నక్షత్రం, పాదం, ఆ వేళకు కాలువలో నీళ్లు ఎంత వరకు ఉన్నాయో కూడా చెప్పారు. అయినా నాకు నమ్మకం కుదరలేదు, ఛాయాసుర్‌కు జ్ఞాపకాలు కూడా వచ్చేస్తాయి కదా. మూడో రోజు ఆయన ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం చేయించి వచ్చి, ఎప్పటిలాగే ప్రసాదం ఉండ నా చేతిలో పెట్టబోతే నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆయన చెయ్యి అలాగే కాసేపు ఉండిపోయింది. తరవాత ఆ ఉండ తీసుకెళ్లి అమ్మకు ఇచ్చి, "పిల్లకి తరవాత పెట్టమ్మా" అన్నారు. ఇన్నేళ్లలో నేను చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. తలుచుకుంటే ఇప్పటికీ మొహం కందేది మాత్రం ఆ ఒక్కదానికే.

మామ్మకు మిగతా అందరూ గుర్తున్నారు. అమ్మ, నాన్న, నేను, తమ్ముడు, పాలు పోసే మనిషి అందరూ తెలుసు. తాతయ్య ఒక్కరే ఆయన కాదు. ఆయన వసారాలో ఉంటే అన్నానికి వచ్చేది కాదు. ఆయన చేత్తో ఇచ్చిన మాత్ర మింగేది కాదు. వారం తిరిగేసరికి గాజులు మోచేతి దాకా జారేటంతగా చిక్కిపోయింది. నాన్న రాజమండ్రి తీసుకెళ్లి పెద్ద డాక్టరుకు చూపించాడు. వయసు మీద పడ్డాక కొందరికి మెదడులో ఇలాంటి మార్పు వస్తుందని, ముందు ముందు ఇంకా మరిచిపోతుందని, వచ్చే ఏటికి ఏం గుర్తుంటుందో చెప్పలేమని ఆయన అన్నాడట. అమ్మా నాన్నా వంటింట్లో మెల్లిగా మాట్లాడుకుంటుంటే విన్నాను. డాక్టరుకేం తెలుసు? ఆ మార్పు తెచ్చింది నేను. పూటపూటా ఆ పుస్తకం చదివి వినిపించింది నేనే కదా.

అసలు గొడవ పౌర్ణమి దగ్గరపడేసరికి వచ్చింది. లక్ష వత్తులూ అయిపోయాయి. నెయ్యి కాచి పెట్టారు, తాతయ్య పీటల మీద కూర్చోవాలి కాబట్టి నోము చేయించడానికి పక్క ఊరి బ్రహ్మగారికి చెప్పారు, పేరంటాళ్లను పిలిచారు. అమ్మ వెళ్లి, "అత్తయ్యగారూ, పౌర్ణమినాడు మీరూ మావయ్యగారూ పీటల మీద కూర్చోవాలండి" అంటే మామ్మ కోపంగా చూసింది. "పరాయి మగాడి పక్కన పీటల మీద కూర్చోమంటావుటే? ఆయన్ని రానీ" అంది. ఎవరు ఎన్ని చెప్పినా అదే మాట. నాన్న, "పోనీ వచ్చే ఏడు చేసుకుందాంలే" అన్నాడు. కానీ వచ్చే ఏటికి ఆ పొట్లాలు ఎందుకో కూడా ఆవిడకు తెలియకపోవచ్చని అందరికీ తెలుసు. నాలుగేళ్ల మధ్యాహ్నాలన్నీ ఆ రేకు పెట్టెలోనే ఉన్నాయి. తాతయ్య సైకిలు తుడుచుకుంటూ కూర్చున్నారు, తుడిచిందే తుడుస్తూ.

నేను చెడగొట్టింది నేనే బాగుచెయ్యాలనుకున్నాను. మందు పుస్తకంలోనే ఉంది కదా. మర్నాడు బడి నుంచి రాగానే మామ్మ పక్కన చేరి, "మామ్మా, నువ్వు ఆయన ఎదురుగా నిలబడి తాతయ్య పేరు పెట్టి పిలువు. నిజం తాతయ్య అయితే అలాగే ఉంటారు. కాకపోతే అసలు రూపం వచ్చేస్తుంది" అన్నాను. వత్తుల పొట్లాలు లెక్కపెడుతున్న మామ్మ చెయ్యి ఆగిపోయింది. "మీ తాతగారి పేరు పెట్టి ఇంకొకణ్ణి పిలవమంటావా?" అంది. అని కాసేపు నా మొహంలోకి చూసి, "అసలు రూపం వస్తుందన్నావు. అదెలా ఉంటుందే బుజ్జీ?" అని అడిగింది. ఆ గొంతులో వణుకు నేను అంతకుముందు వినలేదు. మామ్మ లేచి, వత్తుల పెట్టెను ఈడ్చుకుంటూ చిన్న గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టేసుకుంది. అమ్మ పిలిచినా తియ్యలేదు. లోపల ఏడుస్తోంది. నాకు ఏడవడానికి కూడా భయం వేసింది.

పుస్తకం పట్టుకుని వీధి అరుగు మీదకు వెళ్లాను. తాతయ్య అక్కడే ఉన్నారు. మొత్తం చెప్పేశాను, ప్రసాదం సంగతి కూడా. ఆయన కోప్పడతారనుకున్నాను. కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుని, "ఏదీ, చదువు వింటాను" అన్నారు.

శిష్యుడు వల్లె వేస్తుంటే వినే గురువులా కళ్లు మూసుకుని విన్నారు. పోలీసు ఇన్‌స్పెక్టరు పొగగా మారే చోట ఆపి, మళ్లీ చదివించుకున్నారు. అంతా అయ్యాక, "వీడు ఆ ముసలావిడ దగ్గరికి కొడుకు రూపంలో వెళతాడే, అక్కడ ఏం చేస్తాడు?" అని అడిగారు.

"నగలు ఎత్తుకుపోతాడు తాతయ్యా."

"ఆవిడకు అన్నం పెట్టడా?"

"పెట్టడు."

"మందులూ అవీ?"

"ఇవ్వడు. వాడు దుర్మార్గుడు కదా."

"ఊఁ" అన్నారు తాతయ్య. కాలువ వైపు చూశారు. అవతల చేలు ముదురు పచ్చ దిగి పసుపు తిరుగుతున్న రోజులు. ఆ తరవాత నా తల మీద చెయ్యి వేసి, "నీ వల్ల కాలేదే పిచ్చిపిల్లా. పుస్తకాల వల్ల మతి పోయేట్టయితే నాకు ఏనాడో పోవాలి. మీ మామ్మ నన్ను మరిచిపోలేదు. ఎక్కడో జాగ్రత్తగా పెట్టి, ఆ చోటు మరిచిపోయింది. అంతే" అన్నారు.

లేచి, చొక్కా విప్పి, బయటకు వెళ్లేటప్పుడు వేసుకునే కండువా కప్పుకుని, విభూతి పెట్టుకుని, చేతిసంచీ పట్టుకుని చిన్న గది తలుపు దగ్గరికి వెళ్లారు. గొంతు సవరించుకుని, కొత్త ఇంటి గడపలో నిలబడి పిలిచినట్టు పిలిచారు.

"అమ్మా, నేను పురోహితుణ్ణండి. అవధాన్లు గారు పంపించారు. నోము సామాను సరిచూసి రమ్మన్నారు."

లోపల ఏడుపు ఆగింది. ఆయన అక్కడే నిలబడ్డారు. కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. మామ్మ చెంగు కప్పుకుని తలుపు ఓరగా తెరిచింది.

"ఆయన ఎక్కడున్నారండీ?"

"యజ్ఞానికి వెళ్లారమ్మా. దూరం. పౌర్ణమికి అందుకోలేకపోవచ్చు. నోము మాత్రం ఆపవద్దని మరీ మరీ చెప్పారు."

"ఆపమనరు లెండి, నాకు తెలుసు" అంది మామ్మ. ఆ మాట అంటూ నిటారుగా అయింది, తన ఇంట్లో తాను నిలబడినట్టు. "బుజ్జీ, బ్రహ్మగారికి కాఫీ ఇమ్మని అమ్మతో చెప్పు. పంచదార తక్కువ వెయ్యమను, ఈ వయసులో మంచిది కాదు."

తాతయ్య నోటి నుంచి నేను విన్న మొదటి అబద్ధం అది. తొట్రుపాటు లేకుండా, మంత్రం చెప్పినంత స్పష్టంగా చెప్పారు.

ఆ సాయంత్రమే నాన్నను, అమ్మను కూర్చోబెట్టుకుని చెప్పారు. పక్క ఊరి బ్రహ్మగారిని రావద్దని చెప్పాలి, నోము తనే చేయిస్తారు. పీట మీద మామ్మ పక్కన తన ఉత్తరీయం పెడతారు. భర్త ఊళ్లో లేకపోతే ఉత్తరీయం పెట్టి చేయించడం ఉందని, తనే పది ఇళ్లలో అలా చేయించానని అన్నారు. అమ్మ కళ్లు పెద్దవి చేసింది. "మీరు ఊళ్లోనే ఉన్నారు కదండీ మావయ్యగారూ. శాస్త్రం ఒప్పుకుంటుందా?" అంది. తాతయ్య, "ఆవిడున్న ఊళ్లో నేను లేనమ్మా" అన్నారు. నాన్న లేచి బయటకు వెళ్లిపోయాడు. అరుగు మీద మొహం తుడుచుకుంటూ కనిపించాడు.

పౌర్ణమినాడు సందె పడే వేళకు వసారా అంతా అలికి ముగ్గులు పెట్టారు. పెద్ద ఇత్తడి పళ్లెంలో లక్ష వత్తులూ నేతిలో నాని కొండలా ఉన్నాయి. మామ్మ తన పెళ్లినాటి పట్టుచీర కట్టుకుంది. తాతయ్య తన పట్టు ఉత్తరీయం మడత పెట్టి మామ్మ పక్క పీట మీద పెట్టి, తను మామూలు తుండుగుడ్డ భుజాన వేసుకుని ఎదురుగా కూర్చున్నారు. మామ్మ చీర కొంగును ఆ ఉత్తరీయం అంచుతో ఆయనే ముడి వేశారు. ముడి వేస్తూ ఆవిడ చెయ్యి తగలకుండా ఎంత జాగ్రత్తపడ్డారో నేను చూశాను.

సంకల్పం మొదలైంది. దేశం, కాలం, నది అన్నీ చెప్పుకొచ్చి, "గోత్రం చెప్పండమ్మా" అన్నారు.

"శ్రీవత్స గోత్రమండి."

"యజమాని పేరు?"

మామ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, అలవాటుగా, "బుజ్జీ, చెప్పవే" అంది. నేను నోరు తెరిచాను. తాతయ్య నా వైపు చూడకుండానే చెయ్యి ఎత్తి ఆపారు.

"ఆయన ఎదురుగా లేనప్పుడు ఇల్లాలే చెప్పాలమ్మా. అప్పుడే ఫలం" అన్నారు.

అలాంటి నియమం ఏ శాస్త్రంలోనూ లేదు. పెద్దయ్యాక నేను ఎంతమంది పురోహితులను అడిగానో. ఒక్కరూ విన్నామనలేదు. అది ఆ క్షణంలో ఆయన పెట్టుకున్న నియమం.

మామ్మ తల వంచుకుని ఉత్తరీయం అంచును వేలితో సరిచేసింది, దాని దగ్గర అనుమతి తీసుకుంటున్నట్టు. తరవాత ఎదురుగా ఉన్న బ్రహ్మగారి మొహంలోకి చూసి, మెల్లిగా, ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పింది.

"సుబ్బావధాని గారండి."

చెప్పి, పదహారేళ్ల పిల్లలా ఎర్రబడిపోయింది.

నేను మామ్మనే చూస్తున్నాను. ఎదురుగా నిలబడి, అసలు పేరు పెట్టి పిలవడం అయింది. ఇప్పుడు మామ్మకు తెలిసిపోతుంది, ఇప్పుడు 'ఏవండీ' అంటుంది అనుకున్నాను. ఏమీ కాలేదు. మామ్మ ఆయన్ని దాటి వీధి గుమ్మం వైపు చూసింది, పేరు విని వచ్చారేమోనని. నా పుస్తకం అబద్ధమైపోయింది. అప్పుడు తాతయ్య వైపు చూశాను. చేతిలో ఉద్ధరిణి ఒరిగి నీళ్లు చాప మీద పడ్డాయి, ఆయన చూసుకోలేదు. పెదాలు కదులుతున్నాయి, మంత్రం రావడం లేదు. ఒక్క అక్షరం తప్పితే మొదటికి వెళ్లమనే మనిషి, ఎక్కడ ఆపారో మరిచిపోయి కూర్చున్నారు. నాన్న పక్క నుంచి అందించాడు. తాతయ్య కళ్లు మూసుకుని, మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ గోత్రం అడిగారు. మళ్లీ పేరు అడిగారు. మామ్మ మళ్లీ చెప్పింది.

వత్తుల వెలుగు వసారా దాటి వీధిలోకి పడింది. అన్నీ వెలిగాక మామ్మ వంగి దణ్ణం పెడితే ఆయన 'దీర్ఘసుమంగళీభవ' అన్నారు. తాంబూలం అందిస్తూ మామ్మ, "మీ గొంతు అచ్చు మా ఆయన గొంతులాగే ఉందండి" అంది. "నా అదృష్టమమ్మా" అన్నారు తాతయ్య.

ఆ తరవాత మామ్మ మూడేళ్లు ఉంది. తాతయ్య నిజం తాతయ్యనని మళ్లీ ఎప్పుడూ వాదించలేదు, ఆవిడ ఎవరనుకుంటే వారయ్యారు. పొద్దున కాంపౌండరై మాత్రలు మింగించేవారు. ఒక్కోసారి ఆవిడ తమ్ముడై పుట్టింటి కోనసీమ కబుర్లు చెప్పేవారు, అమ్మవారి జాతరలో ఆవిడ తప్పిపోయిన కథతో సహా. ఆ కథ ఆయనకు ఎవరు చెప్పి ఉంటారు, ఆవిడే కదా. మామ్మ ఆ అందరి చేతా అన్నం తిన్నది, గాజులు మళ్లీ మణికట్టు దగ్గర నిలిచాయి. సాయంత్రం దీపం వేళకు మాత్రం తప్పకుండా బ్రహ్మగారై వచ్చి, "సంకల్పం చెప్పుకుందామమ్మా. యజమాని పేరు?" అని అడిగేవారు. మామ్మ రోజూ సిగ్గుపడుతూనే చెప్పేది. యాభై ఏళ్లు ఒక్కసారీ వినని మాట, ఆ మూడేళ్లూ ఆయన రోజూ విన్నారు. అమ్మ ఆ వేళకు వంటింట్లో చప్పుడు చెయ్యకుండా నిలబడేది.

ఇప్పుడు మామ్మకు వచ్చిన జబ్బుకు ఒక ఇంగ్లీషు పేరుందని, దాని మీద పుస్తకాలున్నాయని నాకు తెలుసు. అప్పటి పిల్లకు ఎవరైనా ఆ మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటాను. మళ్లీ, చెప్పి ఉంటే తాతయ్య ఆ పుస్తకం చదివించుకునేవారు కాదేమోనని కూడా అనిపిస్తుంది. మా అమ్మాయి చూసే సినిమాల్లో రూపాలు మార్చేవాళ్లు బోలెడుమంది. రంగులు గీత దాటవు, పొగ నిజం పొగలాగే ఉంటుంది. వాళ్లెవరూ ఎవరికీ అన్నం పెట్టినట్టు కనబడరు. నేను మా ఆయన్ని పేరు పెట్టే పిలుస్తాను, రోజుకు నలభైసార్లు. గ్యాసు వచ్చిందనో, ఫోను మోగుతోందనో. ఆయన తల ఎత్తకుండానే 'ఊఁ' అంటాడు. దానికి నేను ఆయన్ని తప్పుపట్టను. అంత సులువుగా దొరికే మాటకు ఎవరు మాత్రం తల ఎత్తుతారు?

పుస్తకం చివరి కాగితం ఏమైందో సంచీలో పత్తి తీస్తే తెలిసింది. మామ్మ దాన్ని చింపి, మిగిలిన వత్తులకు పొట్లం కట్టింది. నేతి మరకకు అక్షరాలు కలిసిపోయాయి. ఛాయాసురుడి అసలు పేరు అక్కడే ఉండేది. ఎంత గుర్తుచేసుకున్నా నాకు రాలేదు. పొట్లం విప్పకుండా అలాగే పెట్టెలో పెట్టేశాను.

మామ్మ పోయిన మరుసటి కార్తీకంలో తాతయ్యకు ఓపిక తగ్గి, ఇంట్లో పూజకు పక్క ఊరి బ్రహ్మగారినే పిలిచాం. ఆయన సంకల్పం చెబుతూ, "యజమాని పేరు?" అని అడిగారు. ఆయనకు తెలియని పేరు కాదు, అడగడం ఆనవాయితీ. పీట మీద కూర్చున్న తాతయ్య చిన్న గది తలుపు వైపు తిరిగి ఆగారు. బ్రహ్మగారు రెండోసారి అడిగారు. తాతయ్య అటే చూస్తున్నారు. చివరికి నాన్న చెప్పాడు.